మంగళవారం మాహిష్మతికి

"ఆధార్ చూపించమ్మా," అంటున్నాడు కండక్టర్.

ఇంకా పూర్తిగా తెల్లారలేదు. సూర్యాపేట బస్టాండ్‌లో ఎక్స్‌ప్రెస్ బస్సు ఇంజను ఆన్‌లోనే ఉంది. ఆ వణుకు సీటు కింద నుంచి కాళ్లకు తగులుతోంది. కార్డు మీద తెలంగాణ అడ్రసు చూసి ఆయన మిషన్ నొక్కాడు. చీటీ బయటికొచ్చింది. ఇవ్వాల్సిన డబ్బుల దగ్గర సున్నా. పక్కన బావ తన టికెట్‌కు జేబులోంచి నోట్లు తీస్తున్నాడు.

"ఎల్బీ నగర్‌కా?"

"కాదన్నా, ఫిల్మ్ సిటీ గేటు కాడ దిగుతం. ఆపుతరా?"

"ఆపుతం. చౌటుప్పల్ దాటినంక ముందుకొచ్చి నిలబడుర్రి."

ఈ ఒక్క మాట అడిగి ఎక్కడమే మా ప్లాన్‌లో మొదటి పని. రామోజీ ఫిల్మ్ సిటీ హైదరాబాద్ నడిబొడ్డున లేదు. విజయవాడ హైవే మీద, ఊరికి ఇవతలే ఉంది. విజయవాడ, కోదాడ, ఖమ్మం, సూర్యాపేట వైపు నుంచి వచ్చే బస్సులన్నీ దాని ముందు నుంచే పోతాయి. అయినా చాలామంది ముందు సిటీలోని ఎంజీబీఎస్ బస్టాండ్ దాకా పోయి, అక్కడ ఆటోనో క్యాబో మాట్లాడుకుని, వచ్చిన దారినే ముప్పై కిలోమీటర్ల దాకా వెనక్కి వస్తారు. పొద్దున పూట రెండు గంటలు, వందల రూపాయలు అక్కడే పోతాయి.

సూపర్ లగ్జరీ ఎక్కితే ఇంకాస్త తొందరగా చేరేవాళ్లం. కానీ మహాలక్ష్మి పథకం దానికి వర్తించదు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు ఉచితం అంటున్నది పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనే. ఆంధ్ర నుంచి వచ్చే అక్కాచెల్లెళ్లకు అక్కడి స్త్రీశక్తి పథకం రాష్ట్ర సరిహద్దు దాకే పనిచేస్తుంది. కోదాడలో బస్సు మారినా, తెలంగాణ అడ్రసు లేకపోతే ఇక్కడ సున్నా టికెట్ రాదు. వాళ్లు బస్సు చార్జీ ఇద్దరికీ లెక్క వేసుకునే బయలుదేరాలి.

బస్సు మూసీ వంతెన దాటుతోంది. కిటికీ సందులోంచి చల్లగాలి చెవులకు కొడుతోంది. బావ నా చున్నీ కొస తీసుకుని తన చెవులకు కూడా చుట్టుకున్నాడు. ఒడిలో పులిహోర డబ్బా ఇంకా వెచ్చగా ఉంది.

పెళ్లయ్యాక మేం ఇద్దరమే కలిసి ఎక్కడికీ పోలేదు. యాదగిరిగుట్టకు పోయాం, మేళ్లచెర్వు జాతరకు పోయాం, చుట్టాల పెళ్లిళ్లకు పోయాం. అన్నింటికీ ఇంటిల్లిపాదీ ఉన్నారు. బావ బైకుల షోరూంలో పని చేస్తాడు, నేను ప్రైవేటు బడిలో చెప్తాను. నాకు సెలవులు వచ్చే దసరాకే ఆయనకు ఊపిరాడనంత గిరాకీ. ఆ పండక్కే కదా అందరూ కొత్త బండికి పసుపు కుంకుమలు పెట్టేది! అందుకే మంగళవారం పట్టుకున్నాం. మంగళవారం నాడు కొత్త బండి ఇంటికి తీసుకుపోయేవాళ్లు మా వైపు చాలా తక్కువ. షోరూంలో సెలవు అడిగితే ఓనరు కాదనడు. నేను బడిలో రెండు సీఎల్‌లు పెట్టాను. అత్తమ్మ మాత్రం, "మంగళారం పొద్దున పయనమేందే?" అని గొణిగింది. అయినా పులిహోరకు పోపు పెట్టింది ఆమే.

అత్తమ్మకు నచ్చని ఆ మంగళవారమే మాకు కలిసొచ్చింది. పార్కుకు శనివారం, ఆదివారం, పండగ సెలవుల్లో పోతే కొన్న టికెట్‌లో సగం క్యూలోనే అయిపోతుంది. అదే డబ్బుకు వారం మధ్యలో దాదాపు రెట్టింపు చూడొచ్చు. నెల విషయంలోనూ అంతే. ఎండాకాలం ఆ గుట్టల మీద నిలబడలేం. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా హాయి. కాకపోతే డిసెంబర్ చివర, సంక్రాంతి ముందూ వెనకా జనం పోటెత్తుతారు. ఆ రెండూ పోగా మిగిలిన మామూలు వారాలే మాలాంటి వాళ్లవి.

మొదట వండర్‌లా అనుకున్నాం. బావకు అదే ఇష్టం. రావిర్యాల దగ్గర, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, 2016లో తెరిచినప్పటి నుంచి ఆయన ఫ్రెండ్స్ అందరూ పోయొచ్చారు. అందులోని రీకాయిల్ రోలర్ కోస్టర్ ముందుకు పోయి తలకిందులై, మళ్లీ అదే దారిలో వెనక్కి తలకిందులవుతుంది. దాని వీడియో ఆయన ఫోన్‌లో ఎప్పటి నుంచో ఉంది. ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకుంటే తగ్గింపు, కాలేజీ ఐడీ ఉన్న పిల్లలకు తగ్గింపు ఉంటాయి. చదువుకుంటున్న వాళ్లకు అదే లాభం. నీళ్ల ఆటలకు మాత్రం కాటన్ బట్టలు పనికిరావు, నైలాన్ బట్టలే వేసుకోవాలి. తీసుకుపోకపోతే అక్కడ కొనాలి. నాకు తల తిరిగే ఆటలు పడవు. నేను ఎక్కని ఆటలకు నేనూ టికెట్ కొని, బెంచీ మీద సంచులు కాస్తూ కూర్చోవాలి. "నువ్వు కూర్చుంటే నేనొక్కన్నే ఎట్ల ఎక్కుతనే?" అన్నాడు బావ. అట్లా ఫిల్మ్ సిటీ అయింది. ఎవరికి ఏది ఇష్టమో డబ్బులు కట్టకముందే తేల్చుకోవడం మంచిది. నన్నడిగితే పార్కు ప్లాన్‌లో అన్నిటికంటే ముందు కూర్చుని మాట్లాడుకోవాల్సిన మాట ఇదే.

లెక్క నా నోట్‌బుక్‌లో ఉంది. చిట్టీ కట్టగా మిగిలినవి దాచి ఆరు వేలు చేశాం. అంతకు మించి పోకూడదు, అప్పు చేయకూడదు. ప్రవేశ టికెట్ తలకు వెయ్యి దాటుతుంది, పన్ను అదనం. ఏసీ బస్సు, బఫే భోజనం కలిపిన ఖరీదు ప్యాకేజీలూ ఉన్నాయి. మేం మామూలుదే తీసుకున్నాం. టికెట్‌లో బేరం లేదు. అది అంతే. తగ్గించుకోగలిగినవి దాని చుట్టూ ఉన్నవి: దారి, పడక, తిండి. లోపలే సితార, తార హోటళ్లున్నాయి. వాటిలో ఒక్క రాత్రి ఉంటే మా నోట్‌బుక్ అక్కడితో ఆగిపోతుంది. మా పిన్ని ఇల్లు వనస్థలిపురంలో ఉంది. ఫోన్ చేసి "వస్తున్నం పిన్నీ" అంటే, "లాడ్జిలో ఉంటమంటరేమో అనుకున్న, మేం లేమా ఏంది?" అంది. చుట్టాల ఇల్లు ఉచితం కాదు. పండ్లు తీసుకుపోవాలి, వాళ్ల పాపకు ఏదైనా కొనాలి. ఆ డబ్బులూ లెక్కలో రాశాను.

పంతంగి టోల్‌గేట్ దాటింది. తెల్లగా తెల్లవారింది. "ఫిల్మ్ సిటీ, ఫిల్మ్ సిటీ!"

దిగాం. లారీలు గాలిని కోస్తూ పోతున్నాయి. గేటు తెరవడానికి ఇంకా టైం ఉంది. బయటి తిండి లోపలికి రానివ్వరు. అందుకే పులిహోర ఇక్కడే, రోడ్డు పక్కన నీడ చూసుకుని, డబ్బా మూతలో ఆయనకు, డబ్బాలో నాకు. పల్లీలు ఇంకా కరకరమంటున్నాయి. కడుపు నిండా తిన్నాం. ఈ పులిహోర మధ్యాహ్నం రెండు దాకా నిలబడుతుంది. అంటే లోపల ఒక్క పూట భోజనం కొంటే చాలు.

తొమ్మిదింటికి గేటు దగ్గర ఫోన్‌లో టికెట్ చూపించాం, సంచులు తనిఖీ చేశారు. ఇక్కడి నుంచి లోపలికి నడిచే దూరం కాదు, వాళ్ల బస్సులే తీసుకుపోతాయి. రోడ్డు గుట్టల మధ్య మెలికలు తిరుగుతోంది. రెండు వైపులా నల్లటి బండలు, వాటి సందుల్లో సీతాఫలం పొదలు. ప్రపంచంలోనే అతి పెద్ద ఫిల్మ్ స్టూడియో సముదాయంగా గిన్నిస్ రికార్డులో ఉన్న చోటు ఇది. 1996లో రామోజీరావు ఈ గుట్టల్లో మొదలుపెట్టినప్పుడు మేమిద్దరం ఇంకా పుట్టనే లేదు. ఆయన 2024 జూన్ 8న పోయినప్పుడు ఇంట్లో అందరం టీవీ ముందు కూర్చుని చూశాం. ఈటీవీ చూస్తూ పెరిగిన ఇల్లు మాది.

యురేకా దగ్గర దింపారు. కోట గుమ్మాల్లాంటి కట్టడాలు, డప్పులు, వేషాలు వేసుకుని స్వాగతం చెప్పే ఆటగాళ్లు. ఎక్కడ చూసినా సెల్ఫీలే. అందరూ ఇక్కడే ఆగిపోతున్నారు. బావ చేయి పట్టి లాగాను. "ఫొటోలు పొద్దుమీకి దిగుదం, పా బావా." ఎండ ఎక్కకముందు బయటి సెట్లు, ఎండ ముదిరాక చల్లటి హాళ్లలో షోలు, పొద్దు వాలాక తోటలు. ఇదీ మా వరుస. జనం సరిగ్గా దీనికి తలకిందులుగా చేస్తారు. పొద్దున షోలు చూస్తూ కూర్చుని, మిట్ట మధ్యాహ్నం టూర్ బస్సు కోసం వరుసలో నిలబడతారు.

ఎర్ర రంగు బస్సు, పక్కలు తెరిచి ఉన్న పాతకాలపు మోడల్. ముందు సీట్లే దొరికాయి. గైడ్ మైకు పట్టుకుని ఒక మాట తెలుగులో, ఒక మాట హిందీలో చెప్తున్నాడు. వీధి మలుపు తిరిగితే లండన్, ఇంకో మలుపు తిరిగితే ఉత్తరాది హవేలీలు. ఒకే కట్టడానికి ఒక వైపు ఒక ముఖం, ఇంకో వైపు ఇంకో ముఖం. రైల్వే స్టేషన్ సెట్ దగ్గర ప్లాట్‌ఫాం, బెంచీలు, ఆగి ఉన్న పెట్టెలు. "గీడనే గదా హీరో ఉరికొచ్చి రైలెక్కేది," అంటున్నాడు బావ. ఏ సినిమానో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. చాలా సినిమాల్లో చూశాం, చాలా ఊళ్ల పేర్లతో చూశాం.

భాగవతం సెట్‌లోకి అడుగుపెడితే నాకు నానమ్మ గుర్తొచ్చింది. బాపు తీసిన 'శ్రీ భాగవతం' సీరియల్ కోసం వేసింది. ఆదివారం అది వస్తుంటే నానమ్మ టీవీకి దండం పెట్టేది. ఆ స్తంభాలు, ఆ సింహాసనం ఇప్పుడు నా ముందున్నాయి. ఒక పెద్దావిడ చెప్పులు విడిచి లోపలికి వస్తోంది. ఎవరూ విడవమనలేదు.

ఇక 'బాహుబలి' మాహిష్మతి. 2015లో మొదటి భాగం, 2017లో రెండో భాగం, రెండూ సూర్యాపేటలోనే చూశాను. కళా దర్శకుడు సాబు సిరిల్ వేయించిన ఆ సెట్‌లో కొంత భాగాన్ని ఇలా ఉంచేశారు. గోడ ముందు నిలబడి మెడ వెనక్కి వంచి పైకి చూడాల్సిందే. ఏనుగు తలలు, రథ చక్రాలు, రాతి మీద చెక్కినట్టు బొమ్మలు. బావ పిడికిలితో గోడ మీద మెల్లగా తట్టాడు. డబ్ డబ్‌మని గుల్ల చప్పుడు. ఆశ్చర్యపోయి నేనూ తట్టాను. అంచు దగ్గర రంగు లేచిన చోట లోపలి తెలుపు కనిపిస్తోంది, గోరంత. దగ్గరికి పోతే తెలుస్తుంది, బండరాయి మీద నాచు, వాన చార, నూనె మరక, అన్నీ ఎవరో కుంచెతో కూర్చుని వేసినవే. నల్లటి చార ఒకటి పైనుంచి కిందికి దిగుతూ సన్నబడి ఆగిపోయింది, నీళ్లు నిజంగా అక్కడే ఎండిపోయినట్టు. ఆ చార వేసిన మనిషి పేరు ఎక్కడా రాసి ఉండదు. నేను దాని ముందు చాలాసేపు నిలబడిపోయాను. మాకు పొద్దున్నే వచ్చిన లాభం ఇదే, వెనక నుంచి ఎవరూ తోయడం లేదు.

పన్నెండు దాటేసరికి ఎండ సుర్రుమంటోంది. సరిగ్గా అప్పుడే మూవీ మ్యాజిక్ హాల్లోకి దూరాం. ఏసీ గాలి ముఖానికి తగలగానే ఇద్దరం ఒకేసారి "అబ్బా" అన్నాం. స్టేజీ మీద గుర్రం లేని జట్కా బండి. 'షోలే'లో బసంతి గుర్రపు బండి తోలే సీను ఇక్కడ మన చేతే చేయిస్తారట. "బసంతిగా ఎవరొస్తారు?" అంటూ మైకులో అడుగుతున్నారు. నేను తల దించుకున్నాను. బావ నా మోచేయి పట్టి పైకెత్తాడు.

"నేను పోను బావా!"

"పో, పిల్లలకు స్టేజీ ఎక్కమని రోజూ జెప్తవు గదా!"

ఎక్కాను. చేతిలో కొరడా పెట్టారు. వెనక ఖాళీ తెర. కింద ఇద్దరు కుర్రాళ్లు బండిని పట్టుకుని ఊపడం మొదలుపెట్టారు. "కొట్టండి, వెనక్కి చూడండి, దొంగలు వస్తున్నారు!" లేని గుర్రాన్ని అదిలిస్తున్నాను, లేని దొంగలను చూసి భయపడుతున్నాను. నా గొంతు నాకే తెలియనంత గట్టిగా వస్తోంది. క్లాసులో కూడా ఎప్పుడూ అంత అరవలేదు. తర్వాత ఇంకో హాల్లో ఆ సీనుకు శబ్దాలు కలిపారు. డెక్కల చప్పుడు, చక్రాల చప్పుడు, అన్నీ జనంలోంచి పిలిచిన వాళ్ల చేతే. బావ కూడా లేచాడు. చివరికి తెర మీద చూస్తే నిజంగానే బాటలో గుర్రం ఉరుకుతోంది, బండి మీద నేను, నా చున్నీ గాలికి ఎగురుతోంది. ఆ గుర్రపు డెక్కల్లో కొన్ని బావ కొట్టినవి. హాలంతా చప్పట్లు. ఇదంతా మామూలు టికెట్‌లోదే, పైసా అదనం లేదు.

భోజనం మూడింటికి చేశాం. రెండింటి దాకా హోటళ్ల ముందు జనం, ఆ తర్వాత ఖాళీ. లోపలి తిండి బయటి ధరకు రెట్టింపు అనుకుని లెక్క వేసుకుని పోతే మనసు కష్టపెట్టుకోం. లోపలి ఖర్చుకని ఒక కవర్ విడిగా పెట్టుకున్నాం. ఆ కవర్‌లో ఉన్నంత వరకు ధర చూసి ముఖం చిట్లించకూడదని ఇంట్లోనే ఒట్టు పెట్టుకున్నాం. బావ ఐస్‌క్రీమ్ అడిగాడు. కొన్నాను. ఇంట్లో నోట్‌బుక్ ముందు కూర్చున్నప్పుడు ఎంత పొదుపుగా ఉన్నా పర్వాలేదు. గేటు లోపల మాత్రం ఒకరి ముఖం ఒకరం చూసుకుంటూ రూపాయి రూపాయి లెక్కపెట్టుకుంటే ఆ రోజు పాడైపోతుంది. డబ్బు తక్కువున్న జంటలకే ఇది ఎక్కువ అవసరం అని నా గట్టి నమ్మకం.

తర్వాత వైల్డ్ వెస్ట్ స్టంట్ షోలో తుపాకీ మోతలు. బర్డ్ పార్కులో మా కంటే ఎత్తున్న ఆస్ట్రిచ్‌లు. సీతాకోకచిలుకల పార్కులో ఒకటి బావ భుజం మీద వాలితే అది ఎగిరిపోయేదాకా ఆయన కదల్లేదు. పొద్దు వాలింది. మొఘల్ గార్డెన్, జపనీస్ గార్డెన్, ఫౌంటెన్ల దగ్గర మెట్లు. పొద్దున ఆపిన ఫొటోలు ఇప్పుడు దిగుతున్నాం. వెలుతురు మెత్తగా ఉంది, జనం తగ్గారు. కాళ్లు గుంజుతున్నాయి. నేను చెప్పులు విప్పి గడ్డి మీద కాళ్లు చాపాను. బావ మెల్లగా అంటున్నాడు, "మల్ల ఏడాదికి వండర్‌లాకు పోదమా? నువ్వు నీళ్లల్లకు దిగు, నేను కోస్టర్ ఎక్కుత." నోట్‌బుక్ తీసి కొత్త పేజీలో రాసుకున్నాను.

వాళ్ల బస్సే గేటు దాకా తెచ్చింది. చీకట్లో హైవే మీద మా ఊరి బస్సు కోసం నిలబడే పని పెట్టుకోకూడదని ముందే అనుకున్నాం. సిటీ బస్సులో హయత్‌నగర్ మీదుగా వనస్థలిపురం. పిన్ని వేడివేడిగా జొన్న రొట్టె, కోడికూర పెట్టింది. తెల్లారి ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగి, సాలార్‌జంగ్ మ్యూజియం చూశాం. శుక్రవారం ఒక్కటే దానికి సెలవు. అక్కడి నుంచి నడుచుకుంటూ చార్మినార్, ఇరానీ చాయ్, పిన్ని వాళ్ల పాపకు గాజులు. ఆ రోజంతా అయిన ఖర్చు ముందు రోజు మా ఇద్దరి భోజనమంత కూడా కాలేదు. మధ్యాహ్నం ఎక్స్‌ప్రెస్‌లో ఇంటికి. నాకు మళ్లీ సున్నా టికెట్.

ఆరు వేలలో నాలుగు వందల చిల్లర మిగిలింది.

టికెట్ ధర, లోపలి షోల వేళలు సీజన్‌ను బట్టి మారుతుంటాయి. పోవాలనుకునే జంటలు బయలుదేరే వారంలోనే ఫిల్మ్ సిటీ సొంత వెబ్‌సైట్‌లో చూసుకుని, అక్కడే బుక్ చేసుకోండి. కొడుకూ కోడలూ ఇద్దరే పోతామంటే వెంట ఇంకెవరినీ పంపకండి, అత్తమ్మలూ, మామయ్యలూ. పులిహోర మాత్రం కట్టివ్వండి.